5.3 ఇనుప బ్లాకా, 6.0 ఇనుప బ్లాకా? టర్బోకి ఏది ఎక్కువ తట్టుకుంటుంది?

#1 బూస్ట్‌బాబు
అందరికీ నమస్కారం. షెడ్డులో రెండు జీఎం (జనరల్ మోటార్స్) వీ8 ఇంజిన్ బ్లాక్‌లు, అంటే సిలిండర్లుండే పోత దిమ్మలు, పక్కపక్కనే పడి ఉన్నాయి. ఒకటి ఎల్‌ఎం7, 5.3 లీటర్లది. రెండోది ఎల్‌క్యూ4, 6.0 లీటర్లది. రెండూ పోత ఇనుమే, రెండూ జీఎం ఎల్‌ఎస్ ఇంజిన్ల కుటుంబంలో మూడో తరమే. బయటి నుంచి చూస్తే కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకే టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోసేది) పెట్టి క్రాంక్ దగ్గర 750 హార్స్‌పవర్ తీయాలని ప్లాన్. రోజూ నడిపే బండే, అప్పుడప్పుడు డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్తుంది. బోరింగ్‌కి (సిలిండర్లు తొలిపించడానికి) ఒక్క బ్లాకే పంపగలను. ఏది పంపాలి? మూడు రోజులుగా చదివి చదివి బుర్ర వేడెక్కింది. ఒకరు 5.3 అంటే ఇంకొకరు 6.0 అంటారు, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు.

#2 వీ8వీరుడు
6.0. కళ్లు మూసుకుని తీసుకో. పెద్ద ఇంజిన్ పెద్ద ఇంజినే. ఎల్‌క్యూ9 (ఇంకో రకం 6.0) దొరికితే ఇంకా మంచిది, దాని బ్లాక్ ఎల్‌క్యూ4 కన్నా గట్టిది.

#3 మైక్రోమీటర్
వీరుడు గారూ, ఎల్‌క్యూ9 బ్లాక్ గట్టిదన్న మాట ఎక్కడ మొదలైందో కానీ పదేళ్లుగా తిరుగుతూనే ఉంది. రెండిటి బ్లాక్ ఒకటే. ఎల్‌క్యూ9లో పిస్టన్ తల చదునుగా ఉంటుంది, అందుకని కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే నిష్పత్తి) 10:1 వస్తుంది. ఎల్‌క్యూ4లో 9.4:1. తేడా అక్కడ ఉంది, పోతలో లేదు.

బాబూ, నీ రెండు బ్లాక్‌ల సంగతి చూద్దాం. బోర్ (సిలిండర్ రంధ్రం) సెంటర్ నుంచి పక్క బోర్ సెంటర్‌కి దూరం రెండింటిలోనూ 4.400 అంగుళాలు, అంటే 111.76 మి.మీ. డెక్ (బ్లాక్ మీద హెడ్ కూర్చునే పై తలం) ఎత్తు రెండింటికీ 9.240 అంగుళాలు. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కూడా ఒకటే, 92 మి.మీ. మారేది బోర్ ఒక్కటే: 5.3కి 96 మి.మీ., 6.0కి 101.6. తీసివేత చేసి చూడు. డెక్ మీద రెండు బోర్‌ల మధ్య మిగిలే మెటల్ 5.3లో 15.76 మి.మీ., 6.0లో 10.16. హెడ్ గాస్కెట్‌కి (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలుకి) ఆ సన్న పట్టీయే ఆధారం.

కింద మాత్రం తేడా వెతికినా దొరకదు. క్రాంక్‌ని పట్టుకునే ఐదు మెయిన్ క్యాప్‌లు, ఒక్కో క్యాప్‌కి నిలువుగా నాలుగు ఎం10 బోల్ట్‌లు, పక్కల నుంచి రెండు ఎం8 బోల్ట్‌లు. బ్లాక్ స్కర్ట్ (కింది అంచు) క్రాంక్ మధ్యరేఖ దాటి కిందికి దిగి క్యాప్‌ని రెండు వైపులా ఇరికించి పట్టుకుంటుంది. 750కి ఆ కింది భాగం గురించి నాకు బెంగ లేదు.

ఏది పంపాలంటావా, రెండింటినీ కొలిచాక అడుగు.

#4 బూస్ట్‌బాబు
గురువు గారూ, కొలవడమంటే బోర్ గేజ్‌తోనా?

#5 మైక్రోమీటర్
బోర్ గేజ్ లోపలి గుండ్రం చెప్తుంది. గోడ అవతలి వైపు నీళ్ల జాకెట్. అక్కడిదాకా ఎంత మెటల్ ఉందో తెలియాలంటే సోనిక్ టెస్టర్ (ధ్వనితో మందం కొలిచే పరికరం) కావాలి. పోత పోసేటప్పుడు నీళ్ల జాకెట్ కోసం లోపల పెట్టే ఇసుక కోర్ కొద్దిగా జరిగిందనుకో, సిలిండర్ గోడ ఒక వైపు లావుగా, ఎదురు వైపు పలచగా తయారవుతుంది. కోర్ షిఫ్ట్ అంటారు. బయటి నుంచి కనిపించదు. ఒకే పోత నంబరున్న రెండు బ్లాక్‌ల మధ్య తేడా ఒక్కోసారి 5.3కీ 6.0కీ మధ్య ఉన్నదానికన్నా ఎక్కువ ఉంటుంది.

#6 సరళరేఖ
బోర్ చిన్నదైతే గట్టిది, పెద్దదైతే బలహీనం అని నేరుగా అనేస్తున్నారు కాబట్టి చిన్న లెక్క. కాగితం మీద చేసి చూసుకోండి.

750 హార్స్‌పవర్ ఒకే ఆర్‌పీఎం దగ్గర కావాలంటే రెండు ఇంజిన్లూ ఒకే టార్క్ ఇవ్వాలి. కెపాసిటీలు 5327 సీసీ, 5967 సీసీ. రెండోది 12 శాతం పెద్దది. అంటే అదే టార్క్‌కి 5.3లో సిలిండర్ పీడనం సగటున 12 శాతం ఎక్కువ ఉండాలి. పిస్టన్ పైభాగం వైశాల్యం 72.4, 81.1 చదరపు సెంటీమీటర్లు. ఆ తేడా కూడా 12 శాతమే, ఎందుకంటే స్ట్రోక్ ఒకటే. కాబట్టి ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుంది. 6.0లో 100 బార్ పీడనం ఉంటే హెడ్ మీద 81 కిలోన్యూటన్లు, దాదాపు 8.3 టన్నుల బరువంత. 5.3లో 112 బార్. అక్కడా అదే 8.3 టన్నులు. హెడ్ బోల్ట్‌లకి, కనెక్టింగ్ రాడ్‌కి, మెయిన్ క్యాప్‌కి ఏ బ్లాక్‌లో ఉన్నామో తెలియదు.

గోడ సంగతి వేరే. గోడని సాగదీసే ఒత్తిడి సుమారుగా పీడనం గుణించు వ్యాసార్ధం, భాగించు మందం. 112 × 48 అంటే 5376. 100 × 50.8 అంటే 5080. మందం సమానమైతే 5.3 గోడ మీదే 6 శాతం ఎక్కువ ఒత్తిడి పడుతుంది! 5.3 గోడ ఆ 6 శాతాన్ని మించి మందంగా ఉంటేనే అది గెలుస్తుంది. మామూలుగా ఉంటుంది కూడా. కానీ "మామూలుగా" అన్న మాట మీద ఇంజిన్ కట్టలేం కదా, అందుకే మైక్రోమీటర్ గారు కొలవమంటున్నారు.

#7 వీ8వీరుడు
అక్కా, లెక్క బాగుంది. అయితే పీడనం ఎక్కువ కావాలంటే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఎక్కువ, బూస్ట్ ఎక్కువైతే వేడి ఎక్కువ, వేడి ఎక్కువైతే నాక్ (ఇంధనం తనంతట తానే పేలడం). అంటే 6.0 తక్కువ బూస్ట్‌తో అదే పని చేసిపెడుతుంది. నేనన్నదీ అదేగా!

#8 సరళరేఖ
ఒప్పుకుంటున్నాను. ఆ పాయింట్ మీదే.

#9 పాతఇనుము
మీ ఎల్‌ఎస్‌లు మొన్న మొన్న వచ్చినవి. మా కాలంలో ఈ గోల షెవర్లే 350 వీ8 మీద జరిగేది. మెయిన్ క్యాప్‌కి టూ బోల్టా, ఫోర్ బోల్టా అని. ఫోర్ బోల్ట్ బ్లాక్‌లో కూడా నాలుగు బోల్ట్‌లు ఉండేది మధ్య మూడు క్యాప్‌లకే, రెండు చివర్లా రెండేసి. అది తెలియకుండా ఫోర్ బోల్ట్ కోసం ఊళ్లు తిరిగినవాళ్లు ఉన్నారు, వాళ్లలో నేనొకణ్ణి.

అంతకన్నా పెద్ద వేలంవెర్రి 010, 020 అంకెలు. టైమింగ్ కవర్ విప్పితే బ్లాక్ ముందు భాగంలో పోతలోనే ఈ అంకెలు కనిపిస్తాయి. 010 అంటే ఒక శాతం తగరం, 020 అంటే రెండు శాతం నికెల్, రెండూ ఉంటే వజ్రమంత గట్టి బ్లాక్ అని చెప్పుకునేవాళ్లం. నేనూ అలాంటి బ్లాక్ ఒకటి సంపాదించి ఎదురైన ప్రతివాడికీ టైమింగ్ కవర్ విప్పి చూపించాను. అంకెలున్నాయి కదా అన్న ధీమాతో 0.060 అంగుళం, అంటే 1.5 మి.మీ. ఓవర్‌సైజ్ కొట్టించాను. సోనిక్ టెస్ట్ చేయించానా? నికెల్ బ్లాక్‌కి టెస్టేంటి! పని చేసిన మెషిన్ షాపువాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండో నెలలో డిప్‌స్టిక్ బయటికి తీస్తే ఆయిల్ గంధం రంగులో ఉంది. విప్పి చూస్తే నాలుగో సిలిండర్‌లో పైనుంచి రెండు వేళ్ల కింద వెంట్రుక మందాన నిలువు చీలిక. రాత్రి బండి ఆపాక నీళ్లు అందులోంచి లోపలికి చెమర్చేవి. ఆ చీలిక ఉన్నచోట గోడని తర్వాత కోసి కొలిచాం, 2 మి.మీ. కూడా లేదు. 010 అన్నది చాలా బ్లాక్‌లలో పోత నంబర్ చివరి మూడంకెలు మాత్రమేనని (3970010) తర్వాత తెలిసింది. తగరానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

షెవర్లేదే 400 స్మాల్ బ్లాక్ కథ ఇంకా విచిత్రం. అందులో ఫోర్ బోల్ట్ బ్లాక్ కన్నా టూ బోల్ట్ బ్లాక్‌నే వెతికి పట్టుకునేవాళ్లు. ఫ్యాక్టరీవాళ్లు బయటి బోల్ట్‌ల కోసం తొలిచిన రంధ్రాలు మెయిన్ వెబ్‌ని (క్యాప్ బిగిసే బ్లాక్ లోపలి గోడని) బలహీనం చేశాయి. టూ బోల్ట్ బ్లాక్ తీసుకుని, బయటి బోల్ట్‌లు ఏటవాలుగా దిగే స్టీల్ క్యాప్‌లు వేయిస్తే అదే గట్టిది. బోల్ట్‌లు ఎక్కువైతే బలం ఎక్కువని లెక్కేసినవాళ్లందరూ ఆ ఇంజిన్ దగ్గర బోల్తాపడ్డారు.

#10 ఆరుసిలిండర్లు
ఇంత గొడవెందుకు, 2జేజెడ్ (టయోటా ఆరు సిలిండర్ల ఇంజిన్) పెట్టేయండి. 86 బోర్, 86 స్ట్రోక్, క్లోజ్డ్ డెక్ (సిలిండర్ల పైభాగం చుట్టూ మెటల్‌తో మూసి ఉండేది), ఏడు మెయిన్ బేరింగ్‌లు. పడుకోబెట్టి తొక్కినా ఏమీ కాదు.

#11 మోడరేటర్
ఏ చర్చ తెరిచినా 2జేజెడ్ వచ్చి కూర్చుంటోంది. బాబు దగ్గర ఉన్నవి రెండు వీ8 బ్లాక్‌లు. వాటి గురించే మాట్లాడదాం.

#12 ఆరుసిలిండర్లు
సరే సరే. పనికొచ్చే ముక్క ఒకటి చెప్పి వెళ్తా. మా దగ్గరా ఇదే గోల ఉంది: 2జేజెడ్‌లో టర్బో ఉన్న జీటీఈ బ్లాక్ గట్టిది, టర్బో లేని జీఈ బ్లాక్ డొల్ల అంటారు. బోర్, స్ట్రోక్, డెక్ అన్నీ ఒకటే. జీటీఈలో పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే జెట్‌లు ఉంటాయి, పిస్టన్లు వేరు. బ్లాక్ బలం అని జనం అనుకునేదాంట్లో సగం నిజానికి పిస్టన్ బలమే.

#13 బాక్సర్‌బుల్లోడు
సుబారూ వైపు కూడా ఇదే లెక్క. ఈజే20 బోర్ 92, ఈజే25 బోర్ 99.5. కుటుంబం ఒకటే, 2.5లో సిలిండర్ల మధ్య మెటల్ తక్కువ. ఎక్కువ బూస్ట్ పెట్టేవాళ్లు 2.0 మీద ఎందుకు మనసు పడతారో నాకు ఇవాళ అర్థమైంది. పైగా నాన్-టర్బో 2.5లు ఓపెన్ డెక్, సిలిండర్ పైభాగాన్ని పట్టుకునేది ఏమీ ఉండదు.

#14 రెంచ్‌రాజు
ఫోర్డ్ 302 గురించి ఎవరూ అనలేదేంటి? దాని చావు వేరే రకం. గోడ చీలదు, గాస్కెట్ పోదు. 500 హార్స్‌పవర్ చుట్టుపక్కల బ్లాక్ మధ్యలో లిఫ్టర్ల లోయ (రెండు సిలిండర్ వరుసల మధ్య పల్లం) వెంట నిలువునా రెండు ముక్కలవుతుంది. మెయిన్ వెబ్‌లు పలచన, స్కర్ట్ కిందికి దిగదు. దాని అన్న 351 విండ్సర్‌కి డెక్ 9.5 అంగుళాలు (302కి 8.2), మెయిన్ జర్నల్ 3 అంగుళాలు (302కి 2.249). బరువెక్కువ, కానీ ఆ లోయ దగ్గర కావలసినంత ఇనుముంది. నేను 302కి స్టడ్‌లు, గర్డిల్ (మెయిన్ క్యాప్‌లన్నిటినీ కలిపి పట్టే చట్రం) అన్నీ తొడిగాను. విరిగినప్పుడు ముక్కలు చెల్లాచెదురు కాకుండా గర్డిల్ పట్టుకుంది, అంతవరకే దాని ఉపయోగం.

#15 బూస్ట్‌బాబు
ఇన్ని చావులు విన్నాక టెన్షన్ పట్టుకుంది. అల్యూమినియం ఎల్‌ఎస్1 బ్లాక్ ఒకటి తెలిసినవాళ్ల దగ్గర ఉంది, అది చూడమంటారా? బరువు సగమే కదా.

#16 మైక్రోమీటర్
దాని బోర్ 99 మి.మీ., అల్యూమినియంలో కలిపి పోసిన ఇనుప లైనర్‌లు. లైనర్ పలచన, 0.25 మి.మీ.కి మించి తొలవడానికి చోటుండదు. అల్యూమినియం గట్టిదనం, అంటే వంగకుండా నిలిచే గుణం, 70 గిగాపాస్కల్స్. పోత ఇనుముకి 100 నుంచి 130. వేడికి సాగడం ఇనుముకన్నా రెట్టింపు. బండి ముందు బరువు తగ్గాలంటే మంచిదే. బూస్ట్ ఒక్కటే చూసుకుంటే చేతిలో ఇనుము ఉంచుకుని దానివైపు వెళ్లను.

ఇనుములోనూ రకాలున్నాయి. మన బ్లాక్‌లు గ్రే ఐరన్. అందులో గ్రాఫైట్ రేకుల్లా ఉంటుంది. రేకు కొన సూదిలా ఉంటుంది, సాగదీస్తే చీలిక అక్కడే మొదలవుతుంది. అందుకే గ్రే ఐరన్ నొక్కితే బాగా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. సీజీఐ అనే రకంలో గ్రాఫైట్ మొద్దు కొనల వానపాముల్లా ఉంటుంది, సాగుడుకి ఎంతో బలం. 2015లో వచ్చిన ఫోర్డ్ 2.7 ఎకోబూస్ట్ బ్లాక్ దానితోనే పోశారు. ఇది ఊరికే చెప్పాను, నీకు అవసరం లేదు.

#17 టర్బోతాత
మీరంతా బ్లాక్ గురించే మాట్లాడుతున్నారు. 5.3కి ఫ్యాక్టరీ పిస్టన్లతో బూస్ట్ పెట్టినవాళ్లవి నేను చాలానే విప్పాను. బ్లాక్ విరిగినవి తక్కువ. ఎక్కువగా చూసింది రింగ్ ల్యాండ్ (పిస్టన్ మీద రింగ్‌ల మధ్య అంచు) విరగడం. ఫ్యాక్టరీ రింగ్ గ్యాప్ (రింగ్ రెండు కొనల మధ్య ఖాళీ) బూస్ట్ లేని ఇంజిన్ కోసం పెట్టింది. వేడికి రింగ్ సాగి రెండు కొనలూ ఢీకొంటాయి, ఇంక చోటుండదు కాబట్టి పిస్టన్ అంచుని ఊడపెరుకుతాయి. బోర్ ప్రతి అంగుళానికి 0.006 అంగుళం చొప్పున గ్యాప్ పెట్టు. 96 మి.మీ. బోర్‌కి అది సుమారు 0.58 మి.మీ. మూడో తరం 5.3 రాడ్‌లు కూడా ప్రెస్ పిన్‌వి, నాలుగో తరం ఫ్లోటింగ్ పిన్ రాడ్‌లంత బలం ఉండదు. 750 అంటున్నావు, ఫోర్జ్‌డ్ రాడ్‌లు, పిస్టన్లు వేసుకోక తప్పదు తమ్ముడూ. బ్లాక్ ఏదైనా సరే.

ఇంకొకటి. ఈ ఎల్‌ఎస్‌లలో ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగే పెద్ద హెడ్ బోల్ట్‌లు. అందుకే రేసుకోసం పోసిన ఎల్‌ఎస్ఎక్స్ బ్లాక్‌లో ఆరు పెట్టారు. నాక్ వచ్చిందంటే పీడనం ఒక్క క్షణం ఆకాశానికి ఎగిరి హెడ్‌ని లేపుతుంది, గాస్కెట్ కాలుతుంది. ట్యూనింగ్ సరిగా లేకపోతే ఏ బ్లాక్ అయినా ఒకటే.

#18 వీ8వీరుడు
తాతగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా 6.0.

#19 బూస్ట్‌బాబు
పది రోజుల తర్వాత వచ్చాను, తిట్టుకోకండి. సోనిక్ టెస్టర్ అరువు తెచ్చుకున్నాను.

మొదటి రోజు 6.0 మీద పెట్టా. సిలిండర్ లోపల తుప్పు, మసి గీకి, జెల్ రాసి ప్రోబ్ ఆనించగానే 7.8 మి.మీ. అని చూపించింది! ఎగిరి గంతేశాను. పక్క సిలిండర్ 7.5. వీరుడు గారి కాళ్లకి దండం పెట్టాలనుకున్నా. మైక్రోమీటర్ గారికి ఫొటో పంపితే ఒకే ఒక్క మాట వచ్చింది: "స్టీల్ సెట్టింగ్."

మెషిన్‌లో ధ్వని వేగం స్టీల్‌దే ఉండిపోయింది, సెకనుకి 5900 మీటర్లు. గ్రే ఐరన్‌లో చాలా తక్కువ. ఆయన చెప్పినట్టే బెల్‌హౌసింగ్ అంచు దగ్గర కాలిపర్ రెండు వైపులా పట్టే చోటు చూసుకుని, కాలిపర్ ఎంత చెప్తే టెస్టర్ అంతే చెప్పేదాకా వేగం తగ్గించాను. 4700 దగ్గర రెండూ కలిశాయి. 7.8 అన్నది 6.2 అయి కూర్చుంది.

అప్పటినుంచి ప్రతి సిలిండర్‌కీ నాలుగు వైపులా, పైన, మధ్య, కింద కొలిచాను. పన్నెండు అంకెలు, ఎనిమిది సిలిండర్లు, రెండు బ్లాక్‌లు. మా చెల్లి పక్కన కూర్చుని రాసిపెట్టింది.

5.3: థ్రస్ట్ వైపు ఎక్కువగా 6.5, 7.4 మధ్య. అన్నిటికన్నా తక్కువ 6.1, ఐదో సిలిండర్ కింద.
6.0: ఎక్కువ చోట్ల 5.4, 6.2 మధ్య. బాగానే ఉందనుకుంటూ ఏడో సిలిండర్‌కి వచ్చాను. థ్రస్ట్ వైపు మధ్యలో 4.3, సరిగ్గా ఎదురుగా 7.0. మూడుసార్లు కొలిచా. అదే.

పైన పటారం, లోన లొటారం. ఈ బ్లాకే బయటికి శుభ్రంగా, తుప్పు లేకుండా ఉంది.

#20 మైక్రోమీటర్
కోర్ షిఫ్ట్ అంటే అదే. పోత ఎటు జరిగిందో చూశావా, పక్క సిలిండర్లలోనూ అదే వైపు కొద్దికొద్దిగా తగ్గి ఉంటుంది, నీ కాగితం చూడు. పవర్ స్ట్రోక్‌లో రాడ్ ఏటవాలుగా ఉండి పిస్టన్‌ని ఒక వైపు గోడకేసి నొక్కుతుంది, అదే థ్రస్ట్ వైపు. పలచనైంది ఎదురు వైపైతే చూసీచూడనట్టు వదిలేయవచ్చు. బూస్ట్‌కి థ్రస్ట్ వైపు 5 మి.మీ.కి తగ్గకూడదని చాలామంది పాటిస్తారు, నేనూ అంతే. పైగా బోరింగ్ చేస్తే ఇంకా తగ్గుతుంది.

#21 వీ8వీరుడు
అది ఆ ఒక్క బ్లాక్ దురదృష్టం. నాది కూడా సోనిక్ చేయించాను, ఎక్కడా 5.6 తగ్గలేదు. ఇంకో 6.0 వెతుక్కోవచ్చు, లేదా ఆ ఒక్క సిలిండర్‌కి స్లీవ్ (లోపల దిగేసే ఇనుప గొట్టం) వేయించవచ్చు.

#22 మైక్రోమీటర్
వేయించవచ్చు. పని తెలిసినవాడు వేస్తే నిలుస్తుంది కూడా. కానీ 5.3 పక్కనే కూర్చుని ఉంది, 6.1 కనిష్ఠం.

#23 సరళరేఖ
నా పాత లెక్కలో ఈ అంకెలు వేశాను. 5.3లో అతి పలచని చోట 5376 ÷ 6.1 అంటే 881. 6.0 ఏడో సిలిండర్‌లో 5080 ÷ 4.3 అంటే 1181. మూడో వంతు ఎక్కువ. వీరుడు గారి బ్లాక్‌లో 5080 ÷ 5.6, అంటే 907. బాబు 5.3కి దాదాపు సమానం! కాబట్టి ఆయన ఇన్నాళ్లూ చెప్పింది ఆయన బ్లాక్ విషయంలో తప్పు కాదు.

#24 వీ8వీరుడు
అక్కా, ఈ పోస్టు ప్రింట్ తీసి షెడ్డులో అంటిస్తున్నా.

#25 పాతఇనుము
బాబూ, మెయిన్ క్యాప్‌లు విప్పావా? క్యాప్ బ్లాక్‌లో కూర్చునే పక్కగోడల్ని వెలుతురులో చూడు. లోహం మెరుస్తూ ఉంటే సరే. మంచు పట్టినట్టు మసక బూడిద రంగు మచ్చలుంటే క్యాప్ కదులుతోందని అర్థం. నా 350లో ఆ మచ్చలు చూసి కూడా ఎమరీ పేపర్‌తో రుద్ది బిగించాను, అది ఇంకో కథ.

#26 బూస్ట్‌బాబు
చూశాను సార్. 5.3లో ఎక్కడా మచ్చల్లేవు. మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్ కూడా అయింది, చీలికలు లేవు. 0.25 మి.మీ. ఓవర్‌సైజ్‌కి పంపుతున్నాను, ఫోర్జ్‌డ్ రాడ్‌లు, పిస్టన్లు, హెడ్ స్టడ్‌లు. నీళ్ల జాకెట్ కింది భాగంలో గ్రౌట్ (గట్టిపడే సిమెంటు లాంటిది) పోయించమని ఒకరు అంటున్నారు. పోయించాలా?

#27 టర్బోతాత
రోజూ నడిపే బండి. 750కి అక్కర్లేదు, ఆయిల్ ఊరికే వేడెక్కుతుంది. స్ట్రిప్ మీదే బతికే ఇంజిన్‌కైతే పోయించమనేవాణ్ణి. ఒకవేళ మనసు మారితే హోనింగ్‌కి (బోర్‌ని చివరగా నున్నగా రుద్దడానికి) ముందే పోయాలి. గట్టిపడేటప్పుడు బోర్ గుండ్రం మారుతుంది.

#28 బూస్ట్‌బాబు
వద్దులెండి. ఇంకొక్క ప్రశ్న. టార్క్ ప్లేట్ (హెడ్‌కి బదులు బిగించే మందపు పలక) బిగించి హోనింగ్ చేస్తామన్నారు, వాళ్ల దగ్గర పాత బోల్ట్‌లున్నాయట. వాటితో సరిపోతుందా?

#29 మైక్రోమీటర్
సరిపోదు. హెడ్ బిగించినప్పుడు బోర్ ఎలా మెలితిరుగుతుందో అదే మెలి ప్లేట్‌తోనూ రావాలి. నువ్వు వాడబోయే స్టడ్‌లు, అదే రకం గాస్కెట్, అదే టార్క్. ఫ్యాక్టరీ బోల్ట్‌లు ఒకసారి సాగేవి, మళ్లీ వాడేవి కావు, అవి పెడితే బోర్ వేరే ఆకారంలో గుండ్రం అవుతుంది. నీ స్టడ్‌ల డబ్బా బ్లాక్‌తో పాటే పంపు. డబ్బా మీద పేరు రాయి, లేకపోతే వేరేవాడి ఇంజిన్‌లోకి వెళ్తాయి.